గంగమణి గేటు ముందు మరక

నా కారు వయసు మళ్లినది. ఎడమ మోకాలు ఇక క్లచ్ తొక్కనని మొండికేసినప్పుడు, ఎవరో చాలాకాలం వాడి అమ్మకానికి పెట్టిన ఆటోమేటిక్ గేర్ల బండిని వెతికి మరీ కొనుక్కున్నాను. అప్పటినుంచి హేతువాద సభలకు వెళ్లేది, సభల్లో తిట్లు తిని తిరిగి వచ్చేది దాంట్లోనే. మొన్న చలికాలం చివర, అక్కకు కంట్లో శుక్లం తీశారని, చుక్కల మందు వేయడానికి మనిషి కావాలని కబురొస్తే ఆర్మూర్ బయలుదేరాను. పెర్కిట్ దగ్గర హైవే పక్కన చాయ్ తాగి లేచేసరికి, కారు నిలిపిన చోట నేలమీద రూపాయి బిళ్లంత ఎర్రటి చుక్క కనిపించింది. వేలితో తాకితే జిడ్డుగా ఉంది. పక్కనే మెకానిక్ షెడ్డు. ఖాజా అనే ఆ మెకానిక్ అట్టముక్క పరుచుకుని వెల్లకిలా కారు కిందికి దూరాడు. బయటికి రాకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇంజన్ ఆయిల్ గాదు మేడం, గదైతే నల్లగుంటుండె. గిది గేర్ ఆయిల్. ఆటోమేటిక్ బండ్లల్ల ఎర్రగనే ఉంటది. గేర్ బాక్స్ అడుగున తట్ట లెక్క ఒకటుంటది. దానికీ పైదానికీ నడుమ రబ్బరు పట్టీ. గా పట్టీ ఎండి పగిలింది."

"ఇట్లనే నడపొచ్చునా?"

"ఫికర్ చెయ్యకుండ్రి. కారుతలేదు, చెమట వడుతుంది గంతే. పట్టీ హైదరాబాద్ నుంచి తెప్పియ్యాలె. అప్పటిదాక పొద్దుపొద్దున కొలపుల్ల తీసి చూసుకోండ్రి, తగ్గితే పోసుకోండ్రి." బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ బండి ముందు భాగం వైపు అనుమానంగా చూశాడు. "అయినా ముంగట నిమ్మకాయ లేదేంది మేడం?"

"నిమ్మకాయ కడితే రబ్బరు ఎండదా?"

"ఎందుకెండదు, ఎండుతది. కాని తోలేటోళ్లకు జర ధైర్నముంటది."

జీవితమంతా నేను ఖండిస్తూ వచ్చిన మాట ఇదే. అయినా ఖాజా దాన్ని ఎంత తేలిగ్గా అన్నాడంటే, బదులు వెతుక్కునేలోపే అతను ఇంకో బండి కిందికి దూరిపోయాడు.

అక్క ఇల్లు పాత ఆర్మూర్‌లో ఒక ఇరుకు గల్లీలో ఉంది. వాకిలి నిండా ఉడికించిన పసుపు ఆరబోసి ఉండటంతో కారు లోపలికి రాలేదు. ఎదురింటి గంగమణి తన గేటు పక్కన నిలుపుకోమంది. ఆమె నా కంటే పదేళ్లన్నా చిన్నది, నన్ను చిన్నక్కా అంటుంది. వాళ్ల ఇంటిని ఆనుకుని, వాళ్లదే ఒక అర్రలో లసుంబాయి అనే ఆమె కిరాయికి ఉంటుంది. మొగుడు పోయి చాలాకాలమైంది. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములను, గడ్డలను వేరు చేసే పని. దాంతోపాటు గల్లీలో ఏ పిల్ల పాలు తాగకపోయినా, ఏ పిల్లవాడు నిద్రలో ఉలిక్కిపడినా దిష్టి తీయడానికి ఆమెనే పిలుస్తారు. పసుపు, సున్నం నీళ్లలో కలిపితే ఎర్రగా అవుతాయి కదా, ఆ ఎర్రనీళ్లు పిల్ల చుట్టూ తిప్పి, తీసుకుపోయి నాలుగు తొవ్వలు కలిసేచోట పారబోస్తుంది. నేను వచ్చిన రోజే ఆ పని చేస్తూ నాకు దొరికింది. ఇదంతా ఉత్త మాయ అని అక్కడికక్కడే చెప్పాను. ఆమె చెంబు బోర్లించి, "నువ్వన్నది నిజమే గావచ్చు చిన్నక్కా, కాని పిల్ల పండుకున్నది సూడు" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి అక్క కంట్లో చుక్కలు వేసి, వాకిట్లో పసుపు పక్కనే మంచం వాల్చుకుని పడుకుంటే ఆ వాసన నన్ను నిద్రపోనివ్వలేదు. ఉడికిన పసుపు వాసన వంటింట్లో పసుపు పొడి వాసన లాంటిది కాదు. తడిసిన మట్టీ, ఉడికిన దుంపా, దూరంగా ఎక్కడో ఔషధమూ కలిసిన వాసన అది. మా చిన్నతనంలో ఆ కాలమంతా ఇంట్లో ఇంకో వాసన ఉండేది కాదు. పొలం దగ్గర పెద్ద ఇనుప కడాయిలో దుంపలు పోసి, పైన పసుపాకులు కప్పి ఉడికించేవాళ్లు. ఉడికిందో లేదో అవ్వ ఒక చీపురు పుల్ల గుచ్చి చూసేది. పుల్ల ఆగకుండా దిగితే కడాయి దించేవాళ్లు. తర్వాత ఎండబెట్టడం, రుద్దడం. జొన్న రొట్టె పచ్చగా ఉండేది, మా నోటుబుక్కులు పచ్చగా ఉండేవి, బడిలో పలక తుడుచుకున్నా పచ్చటి వేలిముద్రలే. ఇతర వీధుల పిల్లలు మమ్మల్ని "పెండ్లికూతుండ్లు వచ్చిండ్రు" అని ఏడిపించేవాళ్లు. అక్క వాళ్ల మీద రాళ్లు వేసేది. నేను వాళ్లతో వాదించేదాన్ని. ఎవరిది ఎక్కువ పనిచేసిందో వేరే చెప్పనక్కర్లేదు.

బాపు పసుపు రైతు. ఎవరూ ఆయన్ను చదువుకున్నవాడని అనుకోలేదు, కానీ చుట్టుపక్కల సంస్కరణ సభలు జరిగితే పని వదిలేసి వెళ్లేవాడు, కొన్నాళ్లకు వేదిక మీదికే ఎక్కాడు. ఆయనకు తమలపాకు అలవాటు. మొలలో సున్నపు డబ్బీ ఎప్పుడూ ఉండేది. పసుపు అంటిన బొటనవేలితో సున్నం తీసుకునేసరికి ఆ వేలు ఎర్రగా అయ్యేది. మేము పిల్లలం ఆ వేలు చూసి భయపడితే, ఆయన నవ్వి మా ముందే ఒక నిమ్మచెక్క దానిమీద పిండేవాడు. ఎరుపు పోయి వేలు మళ్లీ పచ్చబడేది. "రకుతం గిట్ల పోతదా? పోదు. మరి గిది రకుతమా?" అని అడిగేవాడు. దయ్యం పట్టిందని, నెత్తురు కారిందని ఊళ్లో ఎవరు అరిచినా బాపు ముందు సున్నపు డబ్బీ తడుముకునేవాడు, తర్వాత నిమ్మకాయ అడిగేవాడు. నా హేతువాదం ఏ పుస్తకంతోనూ మొదలవలేదు. మా బాపు బొటనవేలితో మొదలైంది.

పొద్దుగూకి రొట్టెలు తిన్నాక, రుద్దిన పసుపు ఏరుతూ ఇంట్లో వాదం నడిచేది. బాపు గోనెసంచుల మీద కూర్చుని ఒక మాట వేసేవాడు. దయ్యం ఉన్నదా? జాతకం నిజమా? మొగుడు పోయిన ఆడది బొట్టు ఎందుకు తీయాలె? అక్కకు ఎప్పుడూ 'ఉన్నది' పక్షం, నాకు 'లేదు' పక్షం. గెలిచేది ఎప్పుడూ అక్కే. పెద్దయ్యాక అక్క తను గెలిపించిన దయ్యాలను, జాతకాలను నిజంగానే నమ్మింది. శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, తిథి చూడకుండా గడప దాటదు. నేను ఓడిపోయిన పక్షాన్నే పట్టుకుని ఇన్నేళ్లు వేదికల మీద అరిచాను. మా ఇద్దరిలో ఎవరం బాపు బిడ్డలమో ఈరోజుకీ నాకు తేలలేదు.

మర్నాడు పొద్దున్నే అక్కను నిజామాబాద్‌లో కంటి దవాఖానకు చూపించాలి. నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి, నల్లద్దాలు పెట్టుకున్న అక్క తడుముకుంటూ కారు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతోంది.

"ఏందక్కా ఇది?"

"బండి నీది. కన్ను నాది. నిమ్మకాయలు గూడ నావే. నువ్వు తోలు."

కన్ను ఆమెదే కాబట్టి నోరు మూసుకుని తోలాను. చక్రాల కింద నిమ్మకాయలు చితికిన చప్పుడు వినిపించింది. కారు కింద రాత్రంతా ఏం పడిందో వంగి చూడాలన్న ఆలోచన రాలేదు. అట్టముక్క ఒకటి కింద పరిచి ఉండాల్సిందని ఆ సాయంత్రం గల్లీలో ప్రతి ఒక్కరూ నాకు చెప్పారు.

మేము తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గంగమణి గేటు ముందు ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. సిమెంటు రోడ్డు మీద, పొద్దున కారు ఉన్నచోట, అరచేతి వెడల్పున ఎర్రటి మరక. దాని పక్కన చితికిన నిమ్మకాయ తొక్కలు. గంగమణి కోడలు మమతకు నెలలు నిండుతున్నాయి. పొద్దున ముగ్గు వేయడానికి వట్టికాళ్లతో బయటికి వచ్చి దాన్ని తొక్కిందట. ఎర్రనీళ్లు, నిమ్మకాయలు, కడుపుతో ఉన్న పిల్ల కాలు! అది పసుపు ఊరు. ఎర్రనీళ్లంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. గల్లీలో ఆ నీళ్లు కలిపేది ఎవరో కూడా చెప్పనక్కర్లేదు. లసుంబాయి తన అర్ర గడప మీద కూర్చుని ఉంది. పక్కన ఒక మూట. పొద్దుమూకేలోపు ఖాళీ చేయాలని గంగమణి చెప్పేసింది.

కారు దిగకముందే నాకు విషయం అర్థమైంది. "గంగమణీ, అవి ఎర్రనీళ్లు కావు. నా కారులో నుంచి కారిన నూనె" అని గట్టిగా అన్నాను. సంగతి అక్కడితో తీరిపోతుందని నమ్మాను కూడా.

గంగమణి నన్ను కోపంగా చూడలేదు. జాలిగా చూసింది. "నువ్వు గట్లనే అంటవు చిన్నక్కా. నీ తానికి నిమ్మకాయ తెచ్చినా, పుర్రె తెచ్చినా ఏం లేదంటవు. ఇన్నేండ్లల్ల ఒక్కదానికన్న ఉన్నదన్నవా?"

ఇన్నేళ్ల నా సాక్ష్యం ఇలా చెల్లకుండా పోయింది. అన్నిటికీ లేదనే మనిషి ఒకదానికి లేదంటే విలువేముంది? కారు బానెట్ ఎత్తి, కొలపుల్ల తీసి, తెల్లటి గుడ్డ మీద తుడిచి చూపించాను. గుడ్డ ఎర్రగా అయింది.

"బండిల ఎర్రగ ఉంటె, గేటు ముంగట ఎర్రగ ఉన్నది గదేనా?" అని ఎవరో అన్నారు.

"జర ఆగండి, కారు కిందనే చూడండి, చుక్క పడుతది" అన్నాను. అందరూ వంగి చూశారు. నిన్నటినుంచీ అడక్కుండా కారిన బండి, ఇంతమంది చూస్తుంటే ఒక్క బొట్టు రాల్చలేదు. కాసేపన్నా నిలిస్తే తప్ప అది చుక్క వదలదు.

అక్క ముందుకు వచ్చింది. "నిమ్మకాయలు నేనే పెట్టిన గంగమణీ. నా మీద ఒట్టు."

"నిమ్మకాయలు నువ్వే పెట్టినవ్ అక్కా, ఒప్పుకుంట. ఎర్రనీళ్లు పోసినప్పుడు చూసినవా?"

"నల్లద్దాలు పెట్టుకోని ఏం జూస్తనే?"

ఆడవాళ్లు నవ్వారు. నవ్వితే తేలికవుతుందనుకున్నాను, కాలేదు. గంగమణి లసుంబాయి వైపు తిరిగి, "దిష్టి తీసేటోళ్లకు పెట్టుడు రాదా?" అంది. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. లసుంబాయి మూట ముడి విప్పి, మళ్లీ గట్టిగా కట్టింది.

అప్పుడు నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. అజ్ఞానం అన్నాను, చదువుకున్న కోడలున్న ఇల్లు అన్నాను, మంత్రగత్తెలని ముద్రవేసి ఆడవాళ్లను చంపిన ఊళ్ల గురించి అన్నాను. అన్నీ నిజాలే. ఒక్కొక్క నిజానికి గంగమణి ముఖం ఇంకొంచెం బిగుసుకుంది. చివరికి అక్క నా చెయ్యి పట్టి, "నా కంట్ల మందు ఏసే యాల్లయింది, నడువు" అని ఇంట్లోకి లాక్కుపోయింది.

ఆమె తల వెనక్కి వాల్చి కూర్చుంటే, నేను చుక్క వేయబోయాను. మొదటి చుక్క బుగ్గ మీద పడింది.

"గట్ల ఏస్తె చెవుల పడ్తది మందు" అంది అక్క. "నువ్వు గంగమణితోని కొట్లాడినవే. వాదించలేదు."

"రెండిటికీ ఏం తేడా?"

"బాపు ఉంటే నిన్ను కూసోవెట్టి, ఎదుటోని మాట ముంగట చెప్పుమంటుండె."

నేను పూర్తిగా మరిచిపోయిన సంగతి అది. మా ఇంటి వాదానికి ఒక నియమం ఉండేది. నీ మాట చెప్పే ముందు ఎదుటివాడి మాట నువ్వే చెప్పాలి. వాడికంటే బాగా చెప్పాలి. వాడు తలూపి "ఔ, గదే" అనాలి. అప్పుడే నీ వంతు. నేను ఏడుపుముఖంతో దయ్యం ఎందుకు ఉందో చెప్పాల్సివచ్చేది. అక్క "ఔ, గదే" అనడానికి నన్ను ఎంత ఏడిపించేదో! దీపం కొడిగట్టేది, తలూపేది కాదు. వేదికలు ఎక్కాక నాకు ఆ నియమం అవసరం రాలేదు. చప్పట్లు కొట్టేవాళ్లు ఎప్పుడూ నా వైపువాళ్లే, ఎదుటివాడి మాట నేను ఎంత వికారంగా చెబితే అంత గట్టిగా కొట్టేవాళ్లు.

మందు వేసి మళ్లీ బయటికి వచ్చాను. గంగమణి గేటు దగ్గర గద్దె మీద ఒక్కతే కూర్చుని ఉంది. మమత లోపల పడుకుందట. నేను పక్కన కూర్చున్నాను.

"మమతకు ఇంతకుముందు కడుపు నిలవలేదు" అన్నాను, అక్క ఎప్పుడో చెప్పిన సంగతి గుర్తొచ్చి.

గంగమణి తల తిప్పింది.

"ఇప్పుడు నిలిచింది. నెలలు నిండేదాక నీకు నిద్రలేదు. దవాఖానోళ్లు అంతా బాగున్నదంటరు, అప్పుడు గూడ గట్లనే అన్నరు. ఎందుకు పోయిందో వాళ్లు చెప్పలేదు. ఎవ్వరూ చెప్పకపోతే నువ్వు ఏడ వెతుకుతవు? ఎదురుగ ఉన్నదాంట్లనే వెతుకుతవు."

గంగమణి కొంగుతో మూతి తుడుచుకుంది. "ఔ" అంది. "గదే చిన్నక్కా. నాకు లసుంబాయి మీద పగనా? నాకు భయం."

"నాదొక మాట చెప్తే చేస్తవా? నేను ముట్టుకోను. లసుంబాయి ముట్టుకోదు. నువ్వే ఎర్రనీళ్లు కలుపు."

ఆమె లోపలికి వెళ్లి చెంబులో నీళ్లు, పసుపు, సున్నం తెచ్చింది. గల్లీ ఆడవాళ్లు మళ్లీ ఒక్కొక్కరే బయటికి వచ్చారు. గంగమణి చేత్తో కలిపింది, నీళ్లు ఎర్రబడ్డాయి. మరకకు జానెడు దూరంలో రోడ్డు మీద పోయించాను. రెండు ఎరుపులు పక్కపక్కన ఉంటే దూరం నుంచి తేడా తెలియలేదు. ఇంట్లోంచి ఒక నిమ్మకాయ తెప్పించి, అదీ ఆమెనే కోయమన్నాను. ఒక చెక్క తను పోసిన నీళ్ల మీద పిండింది. పిండినచోటల్లా ఎరుపు విరిగి పచ్చగా మారింది. కొందరు "అబ్బో" అన్నారు. రెండో చెక్క మరక మీద పిండింది. రసం జిడ్డు మీద ముత్యాల్లా జారిపోయింది. మరక ఎర్రగానే ఉంది. గంగమణి వంగి దాన్ని వేలితో రాసింది, వాసన చూసింది, వేలు కొంగుకు తుడుచుకుని చాలా నిరాశగా, "ఔనే. నూనెనే" అంది.

"నేను పొద్దటి సంది జెప్తలేనా?" అని గడప మీదినుంచి అక్క అరిచింది. తను చెప్పింది నిమ్మకాయల సంగతి మాత్రమే అని ఎవరూ గుర్తుచేయలేదు. అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. కారు గురించి, అట్టముక్క గురించి, ఆటోమేటిక్ బండి కొన్న నా తెలివి గురించి. గంగమణి, "ఉండుమనుండ్రి ఆమెను, ఖాళీ చేసుడేం లేదు" అని ఎవరి ముఖమూ చూడకుండా అంది.

నా ఒంట్లో పాత సంతోషం ఒకటి లేచింది. ఆ సంతోషాన్ని నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. నేను ఇంకా పావడాలు కట్టే రోజుల్లో, మా పొలాల అవతల ఊళ్లో పోసాని అనే ఆడమనిషి మీద ఇలాంటి నిందే వచ్చింది. ఒకరి గొడ్డు చచ్చిపోయింది, కొట్టం ముందు ఎర్రగా కనిపించినదాన్ని నెత్తురే అన్నారు. బాపు మమ్మల్ని ఎడ్లబండిలో తీసుకుపోయాడు. ఊరంతా కూడిన చోట సున్నపు డబ్బీ తీశాడు, నిమ్మకాయ అడిగాడు. ఎరుపు పచ్చబడింది. జనం చప్పట్లు కొట్టారు, ఒక పెద్దమనిషి బాపుకు తువ్వాల కప్పాడు. తిరుగుబండిలో నేను ఆ తువ్వాల కప్పుకుని నిద్రపోయాను. పోసాని ఎక్కడ నిలబడిందో, ఎలా ఉండేదో నాకు జ్ఞాపకం లేదు. ఆమెను ఎవరూ ముందుకు పిలవలేదు, ఒక్క మాట అడగలేదు. తర్వాతి పసుపు పంట ఇంటికి వచ్చేసరికి ఆమె నందిపేట్ వైపు వెళ్లిపోయిందని తెలిసింది. "మనం గెలిచినం, ఆమెనే నిలువలేదు" అన్నాడు బాపు. ఆయన మాటల్లో నేను ఎదురు చెప్పకుండా దాచుకున్న మాట అదొక్కటే. అవ్వ మాత్రం పసుపు ఏరుతూ, "నిలిచి ఏం జెయ్యాలె? ఇంకో గొడ్డు సచ్చేదాక ఎదురుచూడాల్నా?" అంది. అవ్వ వాదంలో కూర్చునేది కాదు కాబట్టి ఆ మాటను ఎవరమూ వాదంగా లెక్కపెట్టలేదు.

ఇప్పుడు కాలం మారిందని రాయాలని నాకూ ఉంది. మారింది కూడా. అప్పుడు ఊరు ఊరంతా కూడి నింద వేసింది, ఇప్పుడు ఒక్క గల్లీ. అప్పుడు చూసి రావడానికి బండి కట్టుకుని పోవాలి, ఇప్పుడు ఆ పొద్దున్నే మరక ఫోటో ముప్కాల్‌లో ఉన్న గంగమణి చెల్లెలి ఫోన్‌కు చేరింది. మమత డిగ్రీ చదివింది. రోడ్డు సిమెంటుది. కారుకు తన గేర్లు తానే మార్చుకునే తెలివి ఉంది. కానీ గేటు ముందు ఎరుపు కనిపించినప్పుడు, వేలు పోయి ఆగే చోటు మాత్రం అదే. ఒంటరిగా ఉండే ఆడదాని గడప.

జనం చెదురుతుండగా లసుంబాయి లేచి వచ్చింది. ఏడవలేదు. నాకు దండం పెట్టలేదు. అందుకు నేను సిద్ధపడి ఉన్నానని, అది జరగనప్పుడు నాకే తెలిసింది. ఆమె మరక ముందు నిలబడి, పక్కన పచ్చబడిన నీళ్లను కాసేపు చూసింది.

"నూనె అని తేలింది గదా గంగమణక్కా" అంది.

"తేలింది. అయిపాయె గద లసుంబాయీ, ఇడిసెయ్యి."

"ఇడుస్త. ఒక్కటే అడుగుత. గిది నూనె గాకుండ, నిజంగనే ఎర్రనీళ్లు అయి ఉంటే?"

గంగమణి కొంగు సర్దుకుని లోపలికి తిరగబోయింది.

"ఎవలో తాగుబోతోడు, ఎవలో తెల్వనోళ్లు రేపు నిజంగనే తెచ్చి పోసిండ్రనుకో. నిమ్మకాయ పిండితె పచ్చగ అయిందనుకో. అప్పుడు నేనేనా?"

నేను చేసిందేమిటో అప్పుడు కనిపించింది. మరక నూనె అని నిరూపించాను. లసుంబాయి అలాంటిది కాదని నేను గానీ, అక్క గానీ, గల్లీలో ఏ ఒక్కరు గానీ ఒక్క మాటైనా అనలేదు. నిమ్మకాయ పచ్చగా మార్చి ఉంటే, నా పరీక్షే ఆమె మూటను ఆమె నెత్తిన పెట్టి పంపేది. కల్పించుకుని మాట్లాడబోయాను. లసుంబాయి చెయ్యి ఎత్తింది, నా వైపు చూడకుండానే.

"చిన్నక్క వద్దు. నువ్వు జెప్పు గంగమణక్కా. నీ బిడ్డ కూతురికి జొరమొస్తె నన్నే పిలిచినవ్. నీ పెనిమిటి బండి మీదికెల్లి పడితె నన్నే పిలిచినవ్. నువ్వు జెప్పు."

గంగమణి గేటు ఊచ పట్టుకుని నిలబడింది. అబద్ధం చెప్పడం ఆమెకు ఎంత సులువో! "ఛ, ఛ, నిన్నెందుకంట" అంటే చాలు, అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. నేనూ వెళ్లిపోతాను, తువ్వాల కప్పుకుని నిద్రపోతాను.

"నిన్నే అనుకుందును" అంది గంగమణి. "అబద్ధమెందుకు. కోడలు కడుపుతోని ఉంటె నాకు బుద్ధి పనిజెయ్యది. నిన్నే అనుకుందును."

లసుంబాయి ఆ మాటను విని, ఏదో బరువైన వస్తువు చేతికిస్తే సరిచూసుకున్నట్టు తలూపింది.

"గీ మాట నా మొకం మీద అన్నవు. గది నయం" అంది. "పొద్దటి సంది పోదామనే మూట గట్టుకున్న. ఇప్పుడు పోను. నేను పోతె గదే నిజమైతది. ఈ అర్రలనే ఉంట, నీ కండ్ల ముంగటనే ఉంట. నువ్వు దినాం నన్ను జూడాలె, దినాం గీ మాట యాదికి రావాలె. నీ కోడలు కన్ననాడు నన్ను పిలుస్తవో పిలువవో నీ ఇష్టం."

ఆమె గడప దగ్గరికి వెళ్లి, మూట ఎత్తి లోపల పెట్టింది. మళ్లీ బయటికి వచ్చి, ఈసారి సూటిగా నా వైపు చూసింది.

"చిన్నక్కా, నువ్వు గూడ రేపటి సంది గా బండి గీడ పెట్టకు. మీ వాకిట్ల పసుపు జర ఒక దిక్కు జరుపుకోని మీ ఇంట్లనే పెట్టుకో."